పలుపు వదిలిన పూట

ఆ ఉదయం ఆకాశంలో మూడు సూర్యుళ్ళు ఉన్నాయి. నడుమ అసలు సూర్యుడు, దానికి అటొకటి ఇటొకటి, జానెడు ఎడంగా, అంచుల్లో ఎరుపు పూసుకున్న రెండు వెలుగు ముద్దలు. చలి బాగా ముదిరి గాలిలో మంచు పలుకులు తేలే రోజున ఇలా కనబడుతుందని నాతోపాటు మంచు తీసే ట్రక్కులు నడిపేవాళ్ళు చెప్పారు. వాళ్ళు దానికేదో కుక్కల పేరు పెట్టుకున్నారు. నాకు మాత్రం కాడికి కట్టిన జతే కనిపిస్తుంది, నడిమి సూర్యుడు కాడిమాను, అటు దాపటెద్దు, ఇటు వలపటెద్దు. మేఘం తునక లేదు. ఇంత తెల్లటి ఎండలో ఇంత చలి ఏమిటో, ఈ దేశం వచ్చి ఇన్నేళ్ళయినా ఎండను చూసి ఒళ్ళు మోసపోతూనే ఉంటుంది. రోడ్డుకు రెండు వైపులా మొక్కజొన్న కోసిన చేలు, కొయ్యకాళ్ళ మధ్య మంచు, దూరంగా గింజలు నిల్వచేసే ఇనుప గాదెలు. పక్క సీటులో నా కొడుకు తేజేశ్వర్, మా తేజు, సీటును జరిపినంత వెనక్కి జరిపినా మోకాళ్ళు ముందుకు తగులుతుంటే, కుడి చెంప అరచేతిలో ఆనించుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు. నిద్రపోయేవాడి బొటనవేలు తొడమీద అలా కొట్టుకోదు.

యూనివర్సిటీ దగ్గర కారెక్కేటప్పుడు వాడు ఒకే మాట అన్నాడు. సంచి వెనక పడేసి, బెల్టు ఒంటికి చాలక ఒకసారి లాగి వదిలి మళ్ళీ లాగి, "నాన్నా, అందరూ చెప్పారు. నువ్వే ఏం చెప్పలా. ఇంటికి వెళ్ళేలోపు చెప్పు. నువ్వు ఏం చెప్తే అది డూ చేస్తా" అన్నాడు. నేను కారు తీశాను. అప్పటినుంచి టైర్ల చప్పుడే. వాడు ఆడేది ఇక్కడి ఫుట్‌బాల్, కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని మనుషుల్ని తోసుకుపోయే ఆట. కాలేజీలో అది ఆడేవాళ్ళలోంచి డబ్బిచ్చి ఆడించే పెద్ద టీములు ఏటా వసంతంలో ఒక్కొక్కరినే పేరు పిలిచి తీసుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. నాలుగేళ్ళూ ఆడి వెళ్ళేవాళ్ళు వెళ్తారు, మూడేళ్ళకే వెళ్తానన్నవాడు పేరు ఇచ్చుకోవచ్చు. ఇచ్చాక మళ్ళీ కాలేజీ ఆటకు రావడం ఉండదు, ఎవరూ పిలవకపోయినా సరే. పేరు ఇవ్వడానికి ఈ సాయంత్రమే ఆఖరు. తేజుది మూడో ఏడు. పిలుస్తారు, కానీ మొదట్లో కాదు, మధ్యలో ఎక్కడో అని తెలిసినవాళ్ళు చెప్పారు. ఇంకో ఏడు ఆగితే ముందే పిలుస్తారని కొందరు, ఇంకో ఏడు ఆగితే ఏ కాలో విరిగి అసలే పిలవరని కొందరు. ఇవన్నీ విని విని వాడి మొహం అరిగిపోయింది.

వాడిది గార్డ్ పని. బంతి విసిరేవాడి ముందు గోడ కట్టి నిలబడే ఐదుగురిలో ఒకడు. బంతి ముట్టుకోడు. తప్పు చేస్తే తప్ప టీవీలో వాడి పేరు వినబడదు. చొక్కా వెనక చింతగుంట్ల అని మా ఇంటిపేరు ఈ చంక నుంచి ఆ చంక దాకా ఉంటుంది, దాన్ని చదివే అవసరం ఎవరికీ రాకపోతే ఆ రోజు వాడు బాగా ఆడినట్టు. నాకా పని నచ్చింది. మా ఇంట్లో మాట్లాడే పని విద్యది, నాది గోడ పని. విద్య నా భార్య, నా మేనమామ కూతురు, ఎంసీఏ చేసింది, నేను మా ఊరి హైస్కూల్లో పదో తరగతితో సరిపెట్టుకున్నాను. ఆమె వీసా మీద ఆమె వచ్చింది, ఆమె వెనక నేను వచ్చాను, మొదటి ఏళ్ళు పని చేయడానికి వీల్లేక కిటికీ దగ్గర కూర్చుని ఉడతలు ఏ కొమ్మ మీంచి ఏ కొమ్మకు దూకుతాయో చూస్తూ గడిపాను. మేముండే ఊరు అరోరాలో ప్రతి చెట్టూ నాకు అప్పుడు పరిచయమైందే. ఆ పిచ్చి చూపు అలాగే ఉండిపోయింది. పొద్దున నేను బయలుదేరుతుంటే విద్య ల్యాప్‌టాప్ ముందునుంచి లేచి గుమ్మం దాకా వచ్చింది. "బావా, నువ్వు ఒక్కసారి ఆగమంటే ఆగుతాడు. నేను వందసార్లు చెప్పాను, వాడికది ఫ్యాన్ తిరిగినట్టే. నీ మాట అట్లా కాదు, ఎప్పుడూ వాడవుగా, కొత్తదిగా ఉంటుంది" అంది. నేను బూటు లేసులు కట్టుకుంటున్నాను. "మిగిలింది మూడు క్లాసులు బావా. మూడే. డిగ్రీ చేతికొస్తుంది. తర్వాత ఎవర్ని గుద్దుకుంటాడో గుద్దుకోనీ." సరే అన్నాను. నా సరే ఆమెకు తెలుసు. గట్టిదైతే ఒక్కసారే వస్తుంది. అది గట్టిదే.

మొన్న ఎడిసన్‌లో ఉండే ఆమె అన్న శ్యామ్‌సుందర్ ఫోన్ చేశాడు. "బావా, స్టాక్ హైలో ఉన్నప్పుడే సెల్ చెయ్యాలి. వచ్చే ఏడు మార్కెట్ ఎట్టుంటదో ఎవడికి తెలుసు? వాడి పేరు ఇచ్చెయ్యమను" అన్నాడు. వాడు స్టాకా అన్నాను. "అబ్బ, ఎగ్జాంపుల్‌కి బావా, నువ్వు ప్రతిదీ పట్టుకుంటావ్" అని నవ్వాడు. మంచివాడే. మేనల్లుడి ఆట ఉన్నరోజు ట్రైన్‌లో ఫోన్లో చూసుకుంటూ దిగాల్సిన స్టేషన్ దాటిపోయిన మనిషి. కానీ ఆ మాట చెవిలో ఉండిపోయింది, సంతలో బేరగాడు ఎద్దు వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ మాట్లాడినట్టు. అలా నిమిరే చేతికి ఎద్దు చర్మం ముందే వణుకుతుంది, ఈగ వాలకముందే వణికినట్టు.

మా పల్నాడులో బండలాగుడు పందేలకు ఎద్దుల్ని పళ్ళు చూసి విడదీస్తారు. పాలపళ్ళవి ఒక వరస, రెండు పళ్ళవి ఒక వరస, తర్వాత నాలుగు, ఆరు, ఆపైన పెద్దవి. ఏ వరసకు ఆ బరువు బండ. మూపురం చూసి వయసు కట్టలేము, మేత బాగుంటే మూపురం ఎవడికైనా లేస్తుంది. పై పెదవి ఎత్తి కింది పళ్ళు చూడాలి. తేజు పదో ఏట నా భుజం దాకా వచ్చాడు, పద్నాలుగో ఏట నన్ను దాటాడు, గుళ్ళో ఆంటీలందరూ ఏం పెడుతున్నావమ్మా అని విద్యను అడిగేవాళ్ళు. ఆ ఒళ్ళు చూసినప్పుడల్లా నాకు లోపల ఎక్కడో పెదవి ఎత్తి చూడాలనిపించేది. కన్నకొడుకును చూసి ఇదేం ఆలోచన అని నన్ను నేను కసురుకునేవాణ్ణి. అయినా పుట్టిన కొట్టం వాసన మనిషిని వదలదు గదా, తవుడు, ఉలవ గుగ్గిళ్ళు, తడి గడ్డి, మా నాయన చుట్ట. మా నాయన పరంధామయ్యకు పందేలంటే ప్రాణం, కానీ గెలుపంటే అంత కాదు. పందెం ముందు సాయంత్రం ఎద్దును ఒక్కదాన్నే ఖాళీ మైదానంలోకి తోలుకుపోయేవాడు. బండ అక్కడే పడి ఉండేది. మెడలో పలుపు విప్పేసి, తను అటు తిరిగి చుట్ట వెలిగించుకునేవాడు. ఎద్దు తనంతట తానే బండ దగ్గరికి పోయి వాసన చూసిందా, మర్నాడు కాడి కట్టేవాడు. ఇంటిదారి పట్టిందా, ఎవరెన్ని చెప్పినా తోలుకొచ్చేసేవాడు. ఎందుకు అటు తిరుగుతావని అడిగాను ఒకసారి. "దానికి నా మొఖం కనబడకూడదురా. కనబడితే నాకేది కావాలో అది చేస్తది" అన్నాడు.

ఒక్క ఏడు మాత్రం పలుపు విప్పలేదు. మా ఊళ్ళోనే పందెం, డప్పులు మా వాకిట్లోనే మోగుతున్నాయి, మా బూడిదరంగు ఎద్దు బూడిదోడికి ఇంకా నాలుగు పళ్ళే. దాని జోడు ఎద్దుకు ఆరు వచ్చేశాయి. జతలో ఒకదానికి ఆరు వస్తే ఆరుపళ్ళ బండే లాగాలి. మన ఊరి జత లేకుండా మన ఊరి పందెమా అని పెద్దలు, వెనక కుర్రాళ్ళు. మా నాయన ఆ సాయంత్రం మైదానం వైపు పోలేదు, కొట్టంలోనే దాని గంగడోలు గోకుతూ కూర్చున్నాడు. మర్నాడు బూడిదోడు లాగింది. ముందు మోకాళ్ళు నేలకు ఆనేదాకా వంగి, మూపురం పక్కకు ఒరిగిపోయి, నోటి నురగ కాడి మీద పడుతుంటే లాగింది. గెలిచింది. పసుపు నీళ్ళు చల్లారు, దండ వేశారు. ఆ తర్వాత దున్నకానికి పోయేది, బండి లాగేది, దేనికీ మొరాయించేది కాదు. ఒక్క బండ ముందుకు తీసుకుపోతే మాత్రం వెనక ఎడమకాలు కాస్త వెనక్కి పెట్టి, మొహం పక్కకు తిప్పుకునేది. అంతే. దెబ్బ లేదు, వాపు లేదు. పశువుల డాక్టరు కాలు అంతా తడిమి ఏమీ లేదన్నాడు. బతికినంతకాలం సేద్యం చేసింది, బండ వైపు చూడలేదు.

నవంబర్లో ఒక ఆటలో ఎవడో పక్కనుంచి తేజు ఎడమ మోకాలి మీద పడ్డాడు. లేచి నడిచాడు, కొన్ని వారాలు కట్టు, తర్వాత డాక్టర్లు అన్నీ బాగున్నాయన్నారు. మళ్ళీ ఆడాడు. బాగా ఆడాడన్నారు. ఆ రోజు నేను స్టేడియం మెట్ల వరసలో పైన కూర్చుని ఉన్నాను, విద్య దుప్పటి కప్పుకుని కళ్ళు మూసుకుని స్కోరు నన్ను అడుగుతోంది. బంతి కదలబోయే ముందు వాళ్ళందరూ వంగి ఒక చెయ్యి నేలకు ఆనించి శ్వాస బిగబడతారు కదా, ఆ బిగబట్టిన క్షణంలో తేజు ఎడమ మడమ కాస్త వెనక్కి జరిగింది. మళ్ళీ జరిగింది. ఆట మొత్తం చూశాను, బంతి ఎటు పోయిందో తెలియదు. నా కళ్ళ ముందు బూడిదోడు మొహం పక్కకు తిప్పుకుంది. విద్యకు చెప్పలేదు. వాడికీ చెప్పలేదు. ఎలా చెప్తాను, నీ మడమ మా ఎద్దు కాలులా ఉందని.

అందుకే ఆగమని చెబుదామని పొద్దున్నే గట్టిగా అనుకున్నాను. డిగ్రీ కోసం కాదు, అది విద్య లెక్క. పళ్ళు చాలవు, అదీ నా లెక్క. ఆ పెద్ద టీముల్లో ముప్పై ఏళ్ళవాళ్ళు ఉంటారు, మెడ, భుజం ఒకటే అయిపోయినవాళ్ళు. వాళ్ళ ముందుకు ఆ మడమతో పోతే అది ఎప్పటికీ ముందుకు రాదు. ఒక్క మాట, ఆగరా అని. నాలుక చివరే ఉంది. ఒక ఊరు దాటింది, పెట్రోలు బంకు దాటింది, ఒక పెద్ద గుర్రపు బొమ్మ ఉన్న హోటల్ దాటింది, మాట నాలుక చివరే ఉంది. ఎందుకు పడటం లేదో నాకు తెలుసు. పాలచుక్క. బూడిదోడి సంగతి అయ్యాక మా నాయన బెదిరిపోయాడు. తర్వాత పెంచిన ఎద్దు పాలచుక్క, పలుపు విప్పగానే నేరుగా బండ దగ్గరికి నడిచి, వాసన చూసి, నుదురు దానికేసి రుద్దింది. అయినా మా నాయన ఈ ఏడు వద్దు, బలం పట్టనీ అన్నాడు. మరుసటి ఏడు పశువులకు గాలికుంటు జబ్బు వచ్చి చుట్టుపక్కల పందేలే లేవు. ఆపై ఏడు పలుపు విప్పితే పాలచుక్క కాసేపు నిలబడి ఇంటిదారి పట్టింది. దాని ఏడు అదే, మేము ఆపేసిన ఏడు. ఒక ఎద్దు తొందరపెట్టినందుకు పోయింది, ఒకటి ఆపినందుకు పోయింది. నా దగ్గర ఉన్నవి ఆ రెండే. దేని పక్కన నా కొడుకును కట్టను?

"డెషాన్ పొద్దున్న నేమ్ ఇచ్చేశాడు" అన్నాడు తేజు కళ్ళు తెరవకుండానే. డెషాన్ వాడికి ఎడమపక్క నిలబడేవాడు, మూడేళ్ళుగా ఒకే గదిలో ఉన్నారు, దాపట వాడు, వలపట వీడు. మా ఇంటికి వచ్చినప్పుడు విద్య చేసిన గోంగూర తిని నీళ్ళు తాగకుండా ఏడ్చి, ఇంకొంచెం పెట్టమన్నాడు. వాడిదీ మూడో ఏడే, ఇంక వెనక్కి రాడు. తేజు కళ్ళు తెరిచి అటు పక్క అద్దంలోంచి చేలను చూశాడు. అప్పుడు నాకు ఇంకొకటి కనిపించింది. జోడు విడిపోయిన ఎద్దు కొన్నాళ్ళు కట్టుకొయ్య చుట్టూ ఖాళీ వైపే చూస్తూ పడుకుంటుంది. వీడు పోదామనుకుంటున్నది ముందుకా, లేక ఆ ఖాళీ పక్కన నిలబడలేకా? పేరు ఇస్తే ఇద్దర్నీ ఒకచోటికే పిలుస్తారా ఏమన్నా, ఒకణ్ణి ఈ మూలకి, ఒకణ్ణి ఆ మూలకి విసురుతారు. అది వాడికి తెలియదా, తెలుసు. తెలిసినా ఒళ్ళుకు తెలియదు, ఎండను చూసిన నా ఒళ్ళులాగే.

అరోరా దగ్గర పడేసరికి ఆకాశంలో పక్క సూర్యుళ్ళు రెండూ కరిగిపోయాయి, ఒక్కటే మిగిలింది. ఇంటికి ఎడమకు తిరగాలి. నా చేతులు కుడికి తిప్పాయి. తేజు నావైపు చూశాడు, అడగలేదు, వాడూ నా కొడుకే. వాడి హైస్కూల్ వెనక మైదానం పక్కన ఆపాను. గోల్‌పోస్టులు రెండూ మంచులో పాతుకుని నిలబడి ఉన్నాయి, అటు అంచున ఆ ఇనుప చట్రం ఉంది, నిలువు కమ్మీలకు మెత్తలు తొడిగింది, స్లెడ్ అంటారు. లైన్‌లో ఆడేవాళ్ళు దాన్ని భుజాలతో నెడతారు, పైన కోచ్ ఎక్కి నిలబడి అరుస్తాడు. పద్నాలుగేళ్ళ తేజు దాన్ని మొదటిసారి నెట్టినప్పుడు నేను కంచె ఇవతల ట్రక్కు ఆపుకుని చూశాను. మా ఎద్దులు లాగుతాయి, వీళ్ళు నెడతారు, బండ ఒకటే. ఆ రోజునుంచే నేను ఈ ఆట చూడటం మొదలుపెట్టాను.

"దిగు" అన్నాను.

"ఇక్కడా? నాన్నా, చచ్చిపోతాం, ఎంత కోల్డ్‌గా ఉందో తెలుసా?"

"దిగు. కాళ్ళు చాపుకో కాసేపు."

దిగాడు. నేనూ దిగి, కారు బానెట్‌కు ఆనుకుని, మైదానానికి వీపు పెట్టి రోడ్డు వైపు తిరిగాను. చుట్ట లేదు, చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. ఎదురింటి వాకిట్లో ఎవరో క్రిస్మస్ దీపాలు ఇంకా తీయలేదు. వెనక మంచు మీద వాడి అడుగులు కరకరలాడాయి, కొంతదూరం పోయాయి, ఆగాయి. నేను తిరగలేదు. అడుగులు మళ్ళీ కదల్లేదు. అప్పుడు వాడి గొంతు వినిపించింది.

"వెయిట్. నాన్నా. ఇది తాతయ్య థింగ్ కదా? రోప్ తీసేసే థింగ్?"

జేబుల్లో చేతులు ఇంకా లోపలికి దూర్చాను.

"ఓ మై గాడ్, అదే! నన్ను టెస్ట్ చేస్తున్నావ్! నేను ఎద్దునా?"

తిరిగాను. వాడు మైదానం మధ్యలో, రెండు చేతులూ చాపి, నోట్లోంచి పొగలు వదులుతూ నవ్వుతున్నాడు. చిన్నప్పుడు నిద్రపోనని మారాం చేస్తే ఏం చెప్పాలో తోచక చెప్పిన ఎద్దు కథలు, వాడికి గుర్తుంటాయని నేను అనుకోలేదు. నాకూ నవ్వొచ్చింది. "ఎద్దుకు తెలియదు. నీకు తెలిసిపోయింది. ఇంక పనిచెయ్యదు" అన్నాను.

పనిచెయ్యదు అన్నాక ఒళ్ళు తేలికైంది. పోనీలే, మా నాయన మొహం దాచుకున్నాడు, నేను దాచుకోలేకపోయాను. మంచులో నడిచి వాడి దగ్గరికి పోయాను. బూట్లలోకి మంచు పోయింది. ఇంత దూరం మోసుకొచ్చిన మాటల్లో మొదటిది చేతికి తగిలింది, అదే ఇచ్చాను. "నవంబర్ దెబ్బ తర్వాతనుంచి ఎడమ మడమ వెనక్కి పెడుతున్నావు" అన్నాను.

వాడి నవ్వు ఆగిపోయింది. "తెలుసు. కోచ్ ఫిల్మ్‌లో పాజ్ చేసి చూపించాడు, అందరి ముందు. సో ఎంబరాసింగ్."

"భయమా?"

"యా. అమ్మకి చెప్పకు" అన్నాడు.

"చెప్పను."

"ఇంకో ఇయర్ ఉంటే పోతుందా నాన్నా?"

తెలిసి ఉంటే ఎంత బాగుండేది. "నాకు తెలియదురా" అన్నాను.

"ఆ గ్రే ఎద్దుకి పోయిందా?"

"పోలేదు. కానీ దాన్ని ఎవరూ అడగలేదు. ముందూ అడగలేదు, వెనకా అడగలేదు."

వాడు తల వంచుకుని బూటుతో మంచు తవ్వుతున్నాడు. "డెషాన్ లేకపోతే..." అన్నాడు.

"ఎటు పోయినా ఉండడు."

"ఐ నో." అని ముక్కు మోచేతికి తుడుచుకుని, ఆ స్లెడ్ వైపు చూశాడు. చూడటం నేను చూశాను. నడిచాడు, నేను అక్కడే ఉన్నాను. వాడు దాని మెత్త మీది మంచు అరచేత్తో తుడిచి, చలికి బిగిసిన మెత్తను పిడికిలితో రెండు గుద్దులు గుద్ది, ఎదురుగా వంగి, ఒక చెయ్యి మంచులోకి దించాడు. శ్వాస బిగబట్టాడు, నాకు తెలుస్తుంది, పొగ ఆగిపోయింది. నేను మడమ కోసం చూశాను. ఎడమ మడమ. మంచు చీలమండలు దాటి ఉంది. ఏమీ కనిపించలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఎక్కడ చూడాలని నేర్చుకున్నానో అదంతా ఆ మంచు కింద ఉండిపోయింది. వాడు భుజం వేశాడు. స్లెడ్ కదల్లేదు, దాని కాళ్ళు నేలకు గడ్డకట్టుకుపోయి ఉన్నాయి. మళ్ళీ వేశాడు. ఇనుము మూలిగింది. లేచి, కాళ్ళు కాస్త ఎడం జరిపి, నడుము ఇంకా కిందికి దించి, ఈసారి గుద్దలేదు, ఆనించి నెట్టసాగాడు, మెల్లగా, మెడనరాలు ఉబ్బి, మోకాలు నేలకు తాకేంత వంగి. ఎడమ మోకాలు. లోపలినుంచి ఒక శబ్దం వచ్చింది వాడికి, అది నా కొడుకు గొంతని నాకు తెలియని శబ్దం. మంచుగడ్డ పటేలున పగిలింది. స్లెడ్ కదిలింది. ఆగకుండా తోసుకుపోయాడు, దాని వెనక గోధుమరంగు గడ్డి రెండు గీతలుగా బయటపడుతూ వచ్చింది. ఎవరూ అరవలేదు, డప్పుల్లేవు, పసుపునీళ్ళు లేవు, ఒక కాకి మాత్రం గోల్‌పోస్టు మీంచి లేచిపోయింది. మైదానం అటు చివర వదిలేసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నేను పరుగెత్తుకు పోలేదు. పోవాలనిపించింది, పోలేదు.

తిరిగొచ్చేసరికి ఒళ్ళంతా పొగలు. "నాన్నా, వెళ్తా. నేమ్ ఇస్తా" అన్నాడు. "ఇక్కడ ఉంటే ఇంకో ఇయర్ అందరూ నా మడమే చూస్తారు. నేనూ అదే చూస్తా. అక్కడైతే అది ఎంతో తెలిసిపోతుంది. బాడ్ అయినా తెలిసిపోతుంది. ఆ మూడు క్లాసులు ఆన్‌లైన్‌లో చేస్తా, ప్రామిస్." అని నా కళ్ళలోకి చూశాడు. "నువ్వు ఏమంటావ్? నిజంగా."

విద్యకు పొద్దున ఇచ్చిన సరే నా ఛాతీలో ఉంది. దాని పక్కనే పాలచుక్క, బూడిదోడు. మూడూ నావైపే చూస్తున్నాయి. వాడికి నా మొహం కనిపిస్తోంది, దాచుకోవడానికి ఏమీ లేదు. వాడు అడిగింది నా లెక్క కాదు, నా తోడు. అది ఇవ్వడానికి పళ్ళు చూడక్కర్లేదు.

"వెళ్ళు" అన్నాను.

"అమ్మకి?"

"నేను చెప్తా."

"నువ్వా?" వాడికి నిజంగానే నవ్వాగలేదు. "నాన్నా, నువ్వు ఫోన్‌లో పిజ్జా ఆర్డర్ చెయ్యలేవు!"

"పిజ్జా వేరు" అన్నాను.

ఇల్లు చేరేదాకా ఆ వాక్యం కూర్చుకుంటూనే ఉన్నాను. విద్యా, నేను నీకు ఇచ్చిన మాట తప్పాను. కాదు. విద్యా, వాడు వెళ్తానంటున్నాడు, నేను వెళ్ళమన్నాను. అంతే, రెండు ముక్కలు. అరిచినా నిలబడాలి, ఏడ్చినా నిలబడాలి, మూడు రోజులు మాట్లాడకపోయినా నిలబడాలి. ఇది నేను మోయాల్సిన బండ, వాడిది వాడు మోస్తున్నాడు. గ్యారేజీ తలుపు లేచేసరికే కోడికూర వాసన వచ్చింది. మధ్యాహ్నం మీటింగులు మానుకుందన్నమాట. బల్ల మీద మూడు పళ్ళేలు, ముద్దపప్పు, కూర, మజ్జిగ గ్లాసులు. విద్య నా బూట్లను చూసింది, తడిసిన ప్యాంటు అంచులను చూసింది. తర్వాత తేజు దగ్గరికి పోయి, మునివేళ్ళ మీద లేచి, వాడి కుడి భుజం మీద స్వెట్‌షర్టుకు అంటిన తుప్పు మరకను బొటనవేలితో రుద్దింది. అది పోలేదు. ఆ స్లెడ్ తుప్పు హైస్కూల్ నాలుగేళ్ళూ ఆమె ఉతికిందే. చెయ్యి అక్కడే ఉంచి నావైపు చూసింది.

"విద్యా" అన్నాను.

"ముందు ఇద్దరూ తినండి బావా" అంది.

కూర్చున్నాం. ఆమె వడ్డించింది, తనూ కూర్చుంది. నేను నోరు తెరవబోతే తల అడ్డంగా ఊపింది, కోపంగా కాదు, ముద్ద నోట్లో ఉండగా మాట్లాడొద్దని పిల్లలకు ఊపినట్టు. తిన్నాక చెప్పాలి. చెప్తాను. కిటికీలోంచి ఎండ బల్ల సగం మీద పడుతోంది. తేజు ముద్ద పెట్టుకుని, ఎముక కొరకబోయి, మొహం చిట్లించి, దాన్ని ఎడమవైపుకు నెట్టుకుని మెల్లగా నమిలాడు. కుడి చెంప దగ్గరికి చెయ్యి పోయింది. కారులోనూ అలాగే పట్టుకుని ఉన్నాడు. చివరి పన్ను, జ్ఞానదంతం, ఇప్పుడే చిగురు చీల్చుకుని వస్తోంది. మా కొట్టం లెక్కలో వాడి నోరు ఇంకా నిండలేదు. విద్య కూడా చూసింది. మా ఇద్దరి కళ్ళూ కలుసుకున్నాయి. వాడికి ఇచ్చిన మాట నేను వెనక్కి తీసుకోలేదు. ఆమె వాడి పళ్ళెంలోని ఎముకను తన పళ్ళెంలోకి తీసుకుని, అన్నంలో ఇంకాస్త పప్పు వేసి, మెత్తగా కలిపి ఇచ్చింది. నేను నా మజ్జిగ గ్లాసు వాడివైపు జరిపాను. వాడు తల వంచుకుని తింటున్నాడు. మేమూ తిన్నాం.